జవ్వాజమ్మ గారి ముద్ర

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడితే ముందు ఆ అడవే నవ్వుతుంది. అది పెద్దదిగా ఉన్న రోజులు పోయాయి. తూర్పున హైవే కొంత కొరికింది, పడమట ఇటుక బట్టీలు కొంత మింగాయి, దక్షిణాన 'హరితారణ్య ఎన్‌క్లేవ్' అని ఒక కాలనీ వెలిసింది. అరణ్యాన్ని కొట్టేసిన చోటికి అరణ్యమని పేరు పెట్టడం మనుషులకు అలవాటు. పోయినవాళ్ళ పేరు మనవలకు పెట్టుకోరూ, అలాగన్నమాట.

ఇక మిగిలినవి నాలుగు గుట్టలూ, ఒక వాగూ, కాసిని చెట్లూ. జంతువులు మాత్రం దాన్ని ఇప్పటికీ పెద్దడవి అనే అంటాయి. ఆస్తి పోయినా బిరుదు పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం?

ఆ అడవికీ కాలనీకీ మధ్య ఒక ప్రహరీ గోడ ఉంది. గోడ కింద వాననీళ్ళు పోవడానికి ఒక సిమెంటు తూము ఉంది. ఆ తూములో జవ్వాజమ్మ అనే పునుగు పిల్లి ముగ్గురు పసిపిల్లలతో కాపురముంటోంది.

సరదాపడి పెట్టిన కాపురం కాదది. జవ్వాజమ్మ పుట్టింది అడవిలోనే, వాగు గట్టున నేరేడు మాను మొదట్లో ఉన్న తొర్రలో. గాలి తగలదు, నీరు చేరదు. ఆ తొర్రలో వాళ్ళమ్మ నాలుగు పురుళ్ళు పోసుకుంది. చుట్టుపక్కల చెట్లు పడిపోయి తిండి కరువైనప్పుడు జవ్వాజమ్మ గోడ దూకి కాలనీలో ఒక రిటైరైన ఆఫీసరుగారి అటకెక్కింది. అక్కడ పెరటి బొప్పాయి, సపోటా పుష్కలం. హాయిగానే ఉండేది, ఆవిడ వాసనే ఆవిడ కొంప ముంచకపోతే.

పునుగు పిల్లికి వాసన దాచుకోవడం చేతకాదు. ఆఫీసరుగారు అగరొత్తుల వాసన అనుకున్నాడు. ఆయన భార్య మాత్రం, ఈ వయసులో ఈయన సెంటు పూసుకుని ఎక్కడికి తిరుగుతున్నాడా అనుకుంది. ఆ ఇంట్లో చిన్న భారతం జరిగింది. చివరికి ఎలక్ట్రీషియన్ అటకెక్కి, కెవ్వుమని దిగి, 'అడవి జంతువు, అడవి జంతువు' అని వీధంతా చాటాడు. బోను తెచ్చారు, కిటికీలకు వల కొట్టారు. జవ్వాజమ్మ పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కళ్ళనే గోడ దాటించింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఈవిడకి రెండో ఇల్లే దొరకలేదు.

పుట్టిన తొర్ర ఖాళీగానే ఉంది. తిన్నగా వెళ్ళి దూరబోయింది. ఎదురుగా అడవి నివాసుల సంక్షేమ సంఘం కార్యదర్శి జంబూరావు నిలబడి ఉన్నాడు.

జంబూరావు నక్క. కాలనీలో మనుషులకొక సంక్షేమ సంఘం ఉండటం చూసి అడవిలోనూ ఒకటి పెట్టించింది ఆయనే. అధ్యక్షుడిగా వరాలయ్య అనే ముసలి అడవిపందిని కూర్చోబెట్టాడు. సింహం లేని అడవిలో బరువున్నవాడే అధ్యక్షుడు. సంఘానికి గుమస్తా గోధయ్య అనే ఉడుము. అడవిలో కాగితాలు లేవు గనక తీర్మానాలన్నీ గోధయ్య నోటికే పట్టుకునేవాడు. పట్టుకున్నది వదలడు, జాతి లక్షణం.

"ఏ ఊరమ్మా మనది?" అన్నాడు జంబూరావు, ముక్కూ మొహం ఎరగనట్టు.

"అదేంటి జంబూరావన్నా! ఈ తొర్రలోనే కదా పుట్టాను. మా అమ్మ నిన్నొకసారి ఈతపళ్ళ దగ్గర తరిమింది కూడానూ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. జంబూరావు మొహం ముడుచుకుంది.

"ఎరగడం వేరు, గుర్తించడం వేరమ్మా. నేను ఎరుగుదును. సంఘం గుర్తించాలిగా? నువ్వు కాలనీకి పోయావు, అటక మీద పడుకున్నావు, ఫ్యాను గాలి పీల్చావు. నిన్ను అడవి జంతువంటే అడవి ఒప్పుకుంటుందా?"

"అడవి జంతువుననేగా కాలనీవాళ్ళు నాకు బోను పెట్టారు!"

"చూశావా, అక్కడా కావు, ఇక్కడా కావు. మధ్యలో ఉన్నదేమిటి? గోడ. నువ్వు గోడకి చెందుతావు. దాని కింద తూముంది, సర్దుకో."

అలా రెంటికీ చెడ్డ రేవడి అయింది జవ్వాజమ్మ. తూములో ఎండాకాలం ఎలాగో గడిచింది. కానీ కాలనీ మొత్తం వాననీళ్ళు పోయేది ఆ తూములోంచేనని ఆవిడకి తెలుసు. ఒక్క పెద్ద వాన చాలు. పిల్లలకింకా ఎక్కడం రాదు, ఈత అసలే రాదు. రోజూ సాయంత్రం ఆవిడ గోడెక్కి పడమటి దిక్కు మబ్బుల్ని చూసేది. చూసి దిగి, పిల్లల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కునేది.

*

ఇంతకీ ఆ తొర్ర మీద జంబూరావుకెందుకు కన్ను పడిందంటే, ఆయనకొక బావమరిది ఉన్నాడు. పేరు బుచ్చి. బావ గుహలోనే తిని, బావ గుహలోనే పడుకుని, కాళ్ళు బావ మీదే వేసేవాడు.

"మా తమ్ముడికో ఇల్లు చూపించలేరు గానీ, పెద్ద కార్యదర్శి!" అని జంబూరావు భార్య రోజూ సణిగేది. వినీ వినీ ఆయన చెవులు వాలిపోయాయి.

తొర్రని ఊరికే ఇచ్చేద్దామంటే ముక్తేశం ఊరుకోడు. ముక్తేశం ముళ్ళపంది. ఏ మీటింగులోనైనా 'ఏ ప్రాతిపదిక మీద?' అని ముళ్ళు లేపుతాడు. కాబట్టి ప్రాతిపదిక కావాలి, అంటే చట్టం కావాలి.

జంబూరావుకి చట్టం జిరాక్స్ షాపు వెనక దొరికింది. అక్కడ పారేసిన బిర్యానీ పొట్లాలు నాకుతూ మనుషుల మాటలు వినేవాడు. ఎవడి కాగితానికైనా ఇంకో పెద్దమనిషి ముద్ర పడితేనే విలువట. తన కాగితానికి తాను ముద్ర వేసుకుంటే చెల్లదట. ఇది వినేసరికి జంబూరావు తినడం ఆపేశాడు. నక్క తినడం ఆపిందంటే ఎవరికో మూడిందన్నమాట. ఈ సంగతులన్నీ జవ్వాజమ్మకి తర్వాతెప్పుడో తెలిశాయి.

పొద్దుగూకే వేళ సంఘం బండ దగ్గర మీటింగు పెట్టారు. జవ్వాజమ్మని లోపలికి రానివ్వరు గనక దూరంగా ఒక పుట్ట మీద కూర్చుంది.

"సోదరులారా," అన్నాడు జంబూరావు, "అడవి చిక్కిపోతోంది, బయటివాళ్ళు పెరిగిపోతున్నారు. అందుకని వానలు పడేలోగా ప్రతి ఒక్కరూ తమ నివాసానికి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని చోటు ఖాళీ చేయించి అర్హులకిస్తాం. నివాసం లేనివాళ్ళకి సంఘంలో ఓటు ఉండదు."

"ఏ ప్రాతిపదిక మీద?" అన్నాడు ముక్తేశం.

"స్థానికత ప్రాతిపదిక మీద."

ముక్తేశానికి అర్థం కాలేదు గానీ పదం బాగుందని కూర్చున్నాడు. మళ్ళీ లేచి, "అయితే తనిఖీ కూడా ఉండాలి. ముద్రలు సరిగ్గా పడ్డాయో లేదో ఎవరో ఒకరు చూడాలి," అన్నాడు.

"భేషుగ్గా! గోధయ్య చూస్తాడు," అన్నాడు జంబూరావు. గోధయ్య రెండు కొనల నాలుక ఒకసారి బయటపెట్టి లోపలికి తీసుకున్నాడు. అది ఆయన ఒప్పుకోలు.

"మరి ముద్ర ఎవరు వేస్తారయ్యా?" అన్నాడు అధ్యక్షుడు వరాలయ్య కళ్ళు మూసుకునే. "నన్ను మాత్రం లాగకండి. రేపు ఎవడి కన్నంలోంచి పాము బయటపడ్డా, నువ్వేగా ముద్ర వేశావని నా మీద పడతారు."

నెమలి, ముంగిస, కుందేలు అందరూ నేల చూపులు చూశారు. బాధ్యత అనేసరికి అడవంతా ఒక్కసారి చెవిటిదైపోయింది.

"అసలు మన ముద్రలు నిలుస్తాయా అని?" అన్నాడు జంబూరావు. "అధ్యక్షులవారి బురద వానకి పోతుంది. నెమలిగారి ఈక గాలికి పోతుంది. ఎండకీ వానకీ పోనిది ఒక్కటే ఉంది మన దగ్గర. పునుగు!"

అందరి తలలూ పుట్ట వైపు తిరిగాయి.

"నేనా?" అంది జవ్వాజమ్మ. "నన్ను అడవిదాన్నే కాదన్నారుగా!"

"అందుకే తల్లీ! బయటివాళ్ళయితేనే పక్షపాతం ఉండదు."

"మరి నా ఇల్లు?"

"అధికారిణికి ఇల్లు లేకుండా పోతుందా? పదవి ముందు, ఇల్లు వెనక."

జవ్వాజమ్మకి నక్క తోక తొక్కినంత సంబరమైంది. ఎదురుగా ఉన్నది ఆ తోకే గనక, తొక్కకుండా జాగ్రత్తగా నడిచి వెళ్ళి బండ ముందు నిలబడింది. 'మా వంశం పునుగంటే మాటలా, మా ముత్తవ్వల పునుగు దేవుడి అభిషేకానికి పోయేది,' అని ఆవిడ తూములో పిల్లలకి రోజూ చెప్పుకునేది. ఆ వైభవం ఇన్నాళ్ళకి తిరిగొచ్చిందనుకుంది. వెర్రితల్లి.

*

మర్నాడు పొద్దున్నుంచే ముద్రల పని మొదలైంది. జవ్వాజమ్మ ప్రతి కన్నం దగ్గరికీ వెళ్ళి, తోకెత్తి, వెనక్కి నడిచి, గుమ్మానికి పునుగు రాసేది. ముద్ర తోక కింద ఉందన్న సంగతి ఎవరూ పైకి అనలేదు. అధికారి ముద్ర ఎక్కడినుంచి తీసినా జనం తల పక్కకు తిప్పుకుని దండం పెడతారు.

అందరికంటే ముందు అధ్యక్షుడి బురదగుంటకి వేసింది. పంది బురద మెచ్చు, పన్నీరు మెచ్చునా?

"ఛీ ఛీ, ఏమిటీ పరిమళం!" అని వరాలయ్య ముట్టె చీదుకున్నాడు. "ఇందులో పడుకునేదెలాగే?"

"చట్టం కదండీ," అంది జవ్వాజమ్మ.

"సరే సరే, చట్టమైతే భరించాలి."

ముక్తేశం తన కలుగుకి రెండు వాకిళ్ళున్నాయనీ, ఒకదానికే వేస్తే రెండోది పోతుందనీ వాదించి రెండింటికీ వేయించుకున్నాడు. దాంతో ఎవరూ తగ్గలేదు. కుందేళ్ళకి ఎన్ని వాకిళ్ళుంటాయో కుందేళ్ళకే తెలీదు, అన్నిటికీ వేయించారు. జంబూరావు తన గుహ ముందు, గుహ వెనక, తాను ఎండ కాచుకునే రాతి మీద, ఆఖరికి సంఘం బండ మీద కూడా దగ్గరుండి వేయించాడు.

"సంఘం ఆస్తికి ముందు రక్షణ ఉండాలమ్మా," అన్నాడు.

పళ్ళు తింటే గానీ పునుగు ఊరదు. ఈ సంగతి బయటికి పొక్కగానే వచ్చినవాళ్ళు చేతులూపుకుంటూ రావడం మానేశారు. ఈతపళ్ళ గెల తెచ్చినవాడి కన్నం ముందుకొచ్చేది, ఉత్త చేతుల్తో వచ్చినవాడి కన్నం మధ్యాహ్నానికి పోయేది. జవ్వాజమ్మ అడిగిందేం లేదు. వద్దన్నదీ లేదు.

నడకే మారిపోయింది ఆవిడకి. "అమ్మ ఆఫీసుకెళ్తోంది, అల్లరి చెయ్యకండి," అని తూములో పిల్లలకి చెప్పి బయల్దేరేది. అడవిలో ఉన్న కన్నాలన్నిటికీ ముద్ర పడింది, తూము తప్ప. పెద్దపిల్ల అడగనే అడిగింది.

"మన ఇంటికి ఎప్పుడేస్తావమ్మా?"

"ఇది మనిల్లు కాదే. మనిల్లు వేరే ఉంది," అంది జవ్వాజమ్మ. అని గోడెక్కి చూసింది. పడమట మబ్బు నల్లగా దిగుతోంది.

ఇక ఆగలేక జంబూరావు దగ్గరికి వెళ్ళింది. "అన్నా, అందరివీ అయిపోయాయి. నేరేడు తొర్రకి వేసుకుని పిల్లల్ని చేర్చుకుంటాను. వాన వచ్చేట్టుంది."

జంబూరావు చావు కబురు చల్లగా చెప్పాడు. "ఎవరి ముద్ర వాళ్ళు వేసుకుంటే చెల్లదు కదమ్మా."

"మరి ఇంకెవరు వేస్తారు?"

"ముద్ర వేసే అధికారి ఒక్కరే. అది నువ్వే. నీకు వేసేవాళ్ళు లేరు. నాకు మాత్రం బాధ కాదూ? నియమం."

జంబూరావు ఆగకుండా, "వచ్చావు గనక ఆ ఒక్క పనీ చేసి వెళ్ళు. మా బుచ్చికి నేరేడు తొర్ర ఇస్తున్నాం. దానికి ముద్ర వెయ్యి," అన్నాడు.

"అది మా అమ్మ తొర్ర!"

"మీ అమ్మ లేదుగా."

"వెయ్యను. చచ్చినా వెయ్యను."

"వెయ్యకపోతే పదవి పోతుంది. పదవి పోతే తూము కూడా ఖాళీ చెయ్యాలి. తూము సంఘం పరిధిలోకి వస్తుందో రాదో ఇంకా తేల్చలేదు. తేల్చమంటావా?"

అప్పుడు అర్థమైంది జవ్వాజమ్మకి, ఈ పల్లకీ ఎవరు ఎందుకు మోశారో. ఊరందరి గడపలకీ పసుపు రాసి, తన గడప దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టేశారు. ఏడ్చింది. జంబూరావు కాళ్ళు పట్టుకుంది. జంబూరావు కాళ్ళు మడుచుకున్నాడు.

వాగు గట్టుకి వెళ్ళి నేరేడు తొర్ర ముందు నిలబడింది. లోపల ఇంకా అమ్మ గోళ్ళ గీతలు ఉన్నాయి. బుచ్చి ఒక పక్కన కూర్చుని, "కొంచెం పైకి రాయండి, ఆ వాసన నాకు పడదు," అన్నాడు. ఏడుస్తూనే రాసింది. ఏడుస్తూ రాసినా పునుగు పునుగే, గుమగుమలాడింది.

*

తనిఖీ రోజు వచ్చింది. గోధయ్య తెల్లారి బయల్దేరి ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, నాలుక చాచి, గాలి రుచి చూసి, కళ్ళు మూసుకుని గుర్తుపెట్టుకుని కదిలేవాడు. తొందర లేదు, తీరిక లేదు. సాయంత్రానికి అన్నీ చూసి సంఘం బండ దగ్గరికొచ్చాడు. ఆ బండకి కూడా ఒకసారి నాలుక చాచి, అప్పుడు కూర్చున్నాడు.

అందరూ చేరారు. జవ్వాజమ్మని ఈసారి పుట్ట మీద కూడా కూర్చోనివ్వలేదు, అది చీమలదని. మబ్బు నెత్తిమీదికి వచ్చేసింది. ఆవిడ మనసంతా తూము దగ్గరే ఉంది. వెళ్ళిపోదామంటే, నివాసం లేనివాళ్ళని పేరుపెట్టి అడవి దాటిస్తాం, ఎదురుగా ఉండాలని జంబూరావు కబురు పెట్టాడు.

"చెప్పవయ్యా గోధయ్యా," అన్నాడు జంబూరావు మీసం సర్దుకుంటూ. "ఏ చోటు ఎవరిదో వరసగా చెప్పు. చోటు లేనివాళ్ళెవరో అదే తేలుతుంది."

"వరసగా చెప్పక్కర్లేదండి," అన్నాడు గోధయ్య. "అన్నీ ఒకరివే."

"ఏమిటీ?"

"అధ్యక్షులవారి గుంట, ముక్తేశంగారి కలుగు, కుందేళ్ళ బొరియలు, తమరి గుహ, ఈ బండ, వాగు గట్టున తొర్ర, అన్నిటికీ ఒకే వాసన. జవ్వాజమ్మగారిది. కాబట్టి అడవి మొత్తం ఆవిడది. తమరంతా ఆక్రమణదారులు."

అందరూ ఒక్కసారే అరిచారు.

"అది ముద్రయ్యా, ముద్ర!" జంబూరావు గంతేశాడు. "చోటు ఫలానావాళ్ళదని ఆవిడ సాక్ష్యం చెప్పింది. అంతే గానీ ఆవిడ సొంతమనా?"

"ఆ సంగతి తీర్మానంలో లేదండి. ఎండకీ వానకీ పోని వాసన వేయించుకోవాలన్నారు, వేయించుకున్నారు. వాసన ఎవరిదో చోటు వాళ్ళదన్నది పాత ధర్మం. దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు."

"పాత ధర్మమా? నాకెవరూ చెప్పలేదే!" అన్నాడు వరాలయ్య కళ్ళు తెరిచి.

"మొన్న ఎండల్లో తమరు గుంట చుట్టూ ఉచ్చపోసి, ఇక్కడ నా వాసనుంది పొండని ముంగిసల్ని తరిమారు కదండీ. ఆ ధర్మమే."

వరాలయ్య మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"నేను ముందే అనుకున్నాను," అన్నాడు రెండు వాకిళ్ళకీ ముద్ర వేయించుకున్న ముక్తేశం.

పుట్టిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే అది. చెట్టుకి ఒళ్ళు రాసినా, రాయి మీద ఉచ్చపోసినా, 'ఇది నాది' అనే అర్థం. కానీ జిరాక్స్ షాపు వెనక నేర్చిన విద్య ముందు తల్లిపాలతో వచ్చింది ఎవరికీ గుర్తుకు రాలేదు. ఒక్క గోధయ్యకి తప్ప. ఆయనా తెలివికొద్దీ చెప్పలేదు, వదలడం చేతకాక చెప్పాడు.

"అయితే ఆ పాత ధర్మం ఇప్పుడే రద్దు చేద్దాం!" అన్నాడు జంబూరావు. "అందరూ చేతులెత్తండి!"

పంజాలు, గిట్టలు, రెక్కలు అన్నీ లేచాయి.

"దించండి," అన్నాడు గోధయ్య. "నివాసం లేనివాళ్ళకి ఓటు లేదు. ఆ తీర్మానం తమరిదే. ఇవాళ్టికి ఈ అడవిలో ఓటున్నది ఒక్కరికి."

అందరూ జవ్వాజమ్మ వైపు తిరిగారు. ఆవిడకింకా సగమే బోధపడింది. తననేదో తిడుతున్నారనే అనుకుంటోంది. ఇంతలో ముక్కు మీద ఒక చినుకు పడింది. పెద్ద చినుకు.

జవ్వాజమ్మ ఓటూ చూడలేదు, అడవీ చూడలేదు. తోక పైకెత్తి పరుగెత్తింది.

తూములో అప్పటికే నీళ్ళు పారుతున్నాయి. కాలనీలో మేడల మీద పడిన వానంతా ఎర్రగా సుడి తిరుగుతూ వస్తోంది. పెద్దపిల్ల అంచు పట్టుకుని వేలాడుతోంది. దాన్ని గోడ మీదికి చేర్చి, రెండోదాన్ని లాగి, మూడోదాని కోసం లోపలికి వెళితే చేతికి నీళ్ళు తప్ప ఏమీ తగల్లేదు. ఆ క్షణంలో ఆవిడ ప్రాణం ఆవిడ దగ్గర లేదు. తూము అవతలి మూతి దగ్గర, ఇరుక్కున్న ప్లాస్టిక్ సంచి మీద, కిచకిచమంటూ కనిపించింది చిన్నది. చెవి పట్టి ఈడ్చేసింది. చెవి కొంచెం చిరిగింది గానీ పిల్ల దక్కింది.

ముగ్గుర్నీ ఒక్కొక్కళ్ళనే నోట కరుచుకుని నేరేడు తొర్ర దగ్గరికి చేర్చేసరికి బుచ్చి లోపల వెచ్చగా ముడుచుకుని ఉన్నాడు.

"ఇది నాదండీ. బావ ఇచ్చాడు," అన్నాడు.

"వాసన చూడు," అంది జవ్వాజమ్మ రొప్పుతూ.

బుచ్చి బద్ధకస్తుడే గానీ అబద్ధికుడు కాదు. గుమ్మం వాసన చూశాడు. "మీదేనండి," అని లేచాడు. "నాకూ ఇక్కడ పడటం లేదు లెండి. అక్కయ్య దగ్గరైతే వేళకి పెడుతుంది."

పిల్లల్ని లోపలికి నెట్టి, నాకి తుడిచి, పొట్ట కింద పెట్టుకుంది. అమ్మ గోళ్ళ గీతల మీద వీపు ఆనించి అప్పుడు ఏడ్చింది, తీరిగ్గా.

కాసేపటికి బయట గుంపు చేరింది. అందరూ తడిసి ముద్దయ్యారు. ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళొచ్చుగా అంటే, ఆక్రమణదారులని అందరి ముందూ ప్రకటించాక ఎవడికి ధైర్యం చాలుతుంది? పైగా ప్రతి గుమ్మం దగ్గరా గోధయ్య నాలుక.

"అమ్మా, పిల్లలు తడిసిపోతున్నారు," అంది కుందేలు.

"తల్లీ, నా గుంట నిండిపోతోంది. అందులో పడుకోకపోతే నాకు నిద్ర పట్టదు," అన్నాడు వరాలయ్య.

జవ్వాజమ్మ మెడ బయటికి పెట్టి చూసింది. ఇందాకే పుట్ట మీద కూడా కూర్చోనివ్వనివాళ్ళు. మనసులో ఎన్నో మాటలు తిరిగాయి. కానీ కుందేలు వెనక దాని పిల్లలు వణుకుతున్నాయి. వణికే పిల్లల్ని చూసి కూడా కోపం నిలబెట్టుకోవడం ఆవిడకి చేతకాలేదు.

"వెళ్ళండి. చోటు నాదైనా కాపురాలు మీవేగా," అంది. వాళ్ళు ఊపిరి పీల్చుకుని కదులుతుండగా, "వానలు వెలిశాక మాత్రం వచ్చి మళ్ళీ వేయించుకోండి. పాతబడితే చెల్లదు," అని కూడా అంది. కాస్త ఆగి, "ఈతపళ్ళు ఈసారి మగ్గినవి తేండి," అంది.

"జవ్వాజమ్మ గారికీ..." అని ముక్తేశం అందుకున్నాడు. "జై!" అన్నారందరూ. ఏ ప్రాతిపదిక మీద అని ఎవరూ అడగలేదు.

గుంపంతా వెళ్ళిపోయాక ఒక్కడే మిగిలాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టే జాతి. తడిసిన జంబూరావు సగానికి సగం తగ్గిపోయి ఉన్నాడు. నేల మీద సాగిలపడ్డాడు.

"అమ్మా, చెల్లెమ్మా, ఎంతైనా ఒక అడవిలో పుట్టినవాళ్ళం. మరి నా గుహ?"

తూములో పడుకుని ఈ నక్కని ఏమేమి తిట్టాలో జవ్వాజమ్మ ఎన్నిసార్లు అనుకుందో. అవేవీ ఇప్పుడు నోటికి రాలేదు. వచ్చిన మాట వేరే. అంత మెత్తని గొంతు తనకుందని ఆవిడకే తెలీదు.

"మీది పరిశీలనలో ఉందండి," అంది.

అని, లోపలికి తిరిగి, తోక గుమ్మానికి అడ్డంగా వేసుకుని పడుకుంది. బయట వాన దంచి కొడుతూనే ఉంది.

నీతి: గూడు లేనివాడికి కూడు పెట్టండి, గుడ్డ ఇవ్వండి, ముద్ర మాత్రం చేతికివ్వకండి.